దొర స్తంభం వెనక రాళ్ళు

మా శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు ఆదోనిలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో ఎన్ని రోడ్లు వేయించారు?" అని అడుగుతారు. వేయించినవి నేను లెక్క పెట్టుకోలేదు. తవ్వింది మాత్రం ఒక్కటే. నేనే దగ్గరుండి వేయించి, నేనే రోలర్ తిప్పించి, రెండు నెలలు తిరక్కుండా నేనే గడ్డపార పట్టి తవ్విన ముక్క అది. పట్టుమని ముప్పై గజాలు ఉండదు. దానికి నాకు మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు కోశారు, మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అయినా నా ఉద్యోగంలో నేను సరిగ్గా చేసిన పని ఏదని ఎవరైనా అడిగితే ఆ తవ్వకమే చెబుతాను. ఎందుకో చెబుతాను, వినండి. మధ్యలో ఫోన్లు చూసుకోకండి, నాకు కోపం వస్తుంది.

నాది రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. పేరు గొప్పగా ఉంటుంది గానీ, ఎండలో నిలబడి కూలీల చేత పని చేయించేవాడే వర్క్ ఇన్‌స్పెక్టర్. పైన ఏఈ, ఆయన పైన డీఈ. మంచి జరిగితే వాళ్ళది, చెడు జరిగితే నాది. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య రోడ్డు చాలా ఏళ్ళు నా చేతి కిందే ఉండేది. ఎక్కడ గుంత పడుతుందో, ఏ వంక ఏ వానకు పొంగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడిని.

ఆ రోడ్డు మీద ఒకచోట దొర స్తంభం ఉంది. బస్సులో పోతూ మీరూ చూసే ఉంటారు. రెండు నిలువుల ఎత్తు నల్లరాతి స్తంభం, చుట్టూ మూడు మెట్ల అరుగు. దొరల కాలంలో, ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు నాడు ఈ రోడ్డు పని చేయించిన ఒక ఇంగ్లీషు దొర పేరు మీద నిలబెట్టారు. ఒక వైపు ఇంగ్లీషులో, ఒక వైపు తెలుగులో అక్షరాలు చెక్కి ఉంటాయి. ఆకలితో చచ్చేవాళ్ళకు పని చూపించి, గింజలు పెట్టి, ప్రాణాలు నిలబెట్టిన మహానుభావుడని రాశారు. కింద, ఆ రాయి చెక్కించిన ఆదోని షావుకారు పేరు.

స్తంభానికి ఎదురుగా, వంకకు అవతల ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో కూలి జనం చెప్పే కథ వేరు. దొర గింజలు పెట్టింది నిజమే గానీ, ఆ గింజలు మనిషి నిలబడడానికి కూడా చాలేవి కావని, పనిలో పడి చచ్చినవాళ్ళను రోడ్డు పక్కనే పూడ్చి పైన జల్లి పరిచాడని వాళ్ళ మాట. ఏది నిజమో తేల్చే చదువు నాది కాదు, నేను చదివింది ఐటీఐ. కానీ ఆ గొడవను నా సర్వీసంతా విన్నాను. ఆదోనిలో కొందరు పెద్దమనుషులు కమిటీగా కూడి స్తంభానికి కొత్త మెరుగు పెట్టించాలి, యాత్రికులకు బోర్డు రాయించాలి అనేవారు. పల్లెలో కుర్రవాళ్ళు దాన్ని గడ్డపారలతో పెళ్ళగిస్తామనేవారు. ఇద్దరికీ మా ఆఫీసులో ఒకటే జవాబు, చూద్దాం అని.

ఈ గొడవలో ఎవరూ ఎత్తనిది స్తంభం వెనక ఉన్న రాళ్ళ గుట్ట సంగతి.

మా పడమటి పల్లెల్లో పత్తి ఏరడం అయిపోతే కూలీలకు పని ఉండదు. పిల్లాజెల్లాతో, బియ్యం మూటలతో గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఆ పల్లెవాళ్ళు సుగ్గికి పోయే రోజు, లారీ ఎక్కే ముందు, మనిషికొక రాయి తెచ్చి స్తంభం వెనక పెడతారు. తిరిగొచ్చిన రోజు ఎవరి రాయి వాళ్ళు ఎత్తుకుని ఊళ్ళోకి పోతారు. రాయి తీసుకోకుండా గడప తొక్కరు. ఎవరైనా తిరిగి రాకపోతే ఆ రాయి అక్కడే ఉండిపోతుంది, దాన్ని ఇంకెవరూ ముట్టరు. కరువు నాడు ఇదే చోటికి పనికి వచ్చి, ఇంటికి పోలేనివాళ్ళ నుంచి ఈ అలవాటు వచ్చిందట. నేను చూసేనాటికి గుట్ట నడుమెత్తు ఉండేది. ఇదంతా నాకు సగం సగం తెలుసు. తెలిసినదాన్ని పట్టించుకోలేదు.

ఆ ఏడు వాళ్ళు సుగ్గికి పోయిన పొద్దున నేను అక్కడే గుంతలు పూడ్పిస్తున్నాను. లారీ చుట్టూ జనం. ఒక కుర్రవాడు, ఇరవై ఐదేళ్ళుంటాయేమో, భార్యతోనూ తల్లితోనూ వచ్చాడు. తల్లిని నేను బాగా ఎరుగుదును. మా గ్యాంగులో ఎన్నో ఏళ్ళు జల్లి మోసిన మనిషి. మొగుడూ పెళ్ళాల చేతుల్లో చెరొక బరువైన రాయి, చూస్తే పిండి విసిరే విసుర్రాయి పగిలిన రెండు చెక్కలు.

"ఏమప్పా, ఇంట్లో సామానంతా మోసకొచ్చి ఈడ పెడతాండావే?" అన్నాను.

"మా అమ్మ ఇసుర్రాయి సార్. మొన్న రెండుగా పగిలిపాయ. ఒక సెక్క నాది, ఒక సెక్క దీనిది. ఒచ్చినంక రెండూ ఎత్తుకోని ఇంటికి పోతాం," అని నవ్వాడు. "నువ్వు దినామూ ఈడే తిరుగుతాంటావు కదా, రవ్వంత సూస్తాండు సార్. ఎవురన్నా ఎత్తకపోతే మేము ఊర్లోకి పోయేకి ల్యా."

"నీ రాయి ఎత్తకపోయి నేనేం సేసుకునేది, మిద్దె కట్టుకోవల్లనా?" అన్నాను. అందరూ నవ్వారు. భార్య అతని వీపు మీద ఒకటి వేసి, "మాటలు సాలుగానీ, లారీ ఎక్కు పా," అంది. లారీ కనుమరుగయ్యేదాకా తల్లి అక్కడే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని వంక దాటి ఇంటికి వెళ్ళింది.

నెల తర్వాత మా ఏఈ గారు నన్ను పిలిచారు. ఆయన కోస్తా నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు. మంచివాడే. మా ఎండకు తట్టుకోలేక ఎప్పుడూ మెడకు తడి రుమాలు చుట్టుకుని ఉండేవాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ స్తంభం దొరగారి మునిమనవరాలు ఇంగ్లండు నుంచి వస్తున్నారటండి. హంపి చూసుకుని మంత్రాలయం వెళ్తూ దారిలో ఇక్కడ ఆగుతారట. కమిటీ వాళ్ళు డీఈ గారి దగ్గరికి వెళ్ళారు. శుక్రవారానికల్లా చుట్టుపక్కలంతా శుభ్రంగా ఉండాలి. ముందు ఆ వెనక రాళ్ళ కుప్ప తీయించేయండి, ఫోటోల్లో అసహ్యంగా ఉంటుంది."

సరిగ్గా అప్పుడే, మా రోడ్డు నుంచి ఆ పల్లెకు తిరిగే మలుపు దగ్గర పైపు కల్వర్టు పని నడుస్తోంది. ఊళ్ళోకి బండి పోవాలంటే అదొక్కటే దారి, వానొస్తే అదీ ఉండేది కాదు. పైపులు దింపాం, రెండు వైపులా ఎత్తు లేపాలి, దానికి రాయి కావాలి. క్వారీ ట్రాక్టరు ఇదిగో అదిగో అంటోంది. ఎదురుగా చూస్తే నడుమెత్తు రాళ్ళ గుట్ట. మా శాఖలో ఇరవై ఏళ్ళు పనిచేసినవాడికి రాయి ఎక్కడ కనపడినా, ఇది ఏ గుంతలో పడుతుంది అనే ఆలోచనే వస్తుంది. గుట్ట తీసినట్టూ అవుతుంది, కల్వర్టు నిండినట్టూ అవుతుంది. ఊరి రాళ్ళు ఊరి దారికే పోతాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అడ్డం చెప్పింది మా రోలర్ డ్రైవర్ ఒక్కడే. ఆదోని సాయిబు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, బీడీ నోట్లో ఉండగానే మాట్లాడేవాడు.

"వద్దు భాయ్. ఆ జనానికి దాంతో ఏదో ఉంది. క్వారీ రాయి వచ్చేదాకా ఆగుదాం. మనకెందుకు లేనిపోని లఫడా?"

"లఫడా సేసేవాళ్ళంతా గుంటూరులో ఉండారు. నువ్వు బండి స్టార్ట్ సెయ్యి," అన్నాను.

ఈ మాట నేను నిజంగానే అన్నాను. ఇప్పుడు చెబుతుంటే సిగ్గేస్తోంది. ఊరు ఖాళీగా ఉందని తెలిసి, అడిగేవాడు లేడని తెలిసి చేయడం మొదలుపెట్టిన పని అది.

కానీ ఊళ్ళో ముసలివాళ్ళు ఉంటారు కదా. ట్రాక్టరు చప్పుడు విని ఆ కుర్రవాడి తల్లి వంకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది. వచ్చి నేరుగా గుట్ట మీద ఎక్కి కూర్చుంది.

"ముట్టద్దప్పా, ముట్టద్దు. నా కొడుకు రాయుండాది దీంట్లో. కోడలిదుండాది. మా ఇంటాయనదుండాది. ఆయప్ప యాడనో బళ్ళారి తట్టు పనికి పోయి ఆడనే పాయ. రాయి ఈడనే ఉండాది."

"పారేసేకి కాదవ్వా. మీ ఊరి దారికే ఏస్తాండాం. రేపు వానొస్తే బురద ఉండదు."

"దారికొద్దు, దేనికొద్దు. నా పిల్లోడు ఒస్తే ఏం ఎత్తుకోని ఊర్లోకొస్తాడు?"

ఏఈ గడియారం చూసుకుంటున్నారు. గ్యాంగు కూలీలు పారలు పట్టుకుని నా వైపు చూస్తున్నారు. నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. ఆ విసుగులో నోటికొచ్చిన మాట అనేశాను.

"సరే అవ్వా. రాళ్ళు తీసి మా ఆఫీసులో భద్రంగా పెట్టిపిస్తా. ఆ దొరసాని వచ్చి పోయినంక మళ్ళా ఈడనే పెట్టిపిస్తా. సరేనా?"

"నిజంగానా?"

"నిజమే."

ఆమె నా మొహం ఒకసారి చూసి దిగింది. గ్యాంగులో పనిచేసిన రోజుల నుంచీ నేను ఆమెకు సారును. సారు అన్నాడంటే అయిపోయినట్టే అనుకుంది. ఆమె వంక దాటి ఇంట్లోకి పోయేదాకా ఆగి రాళ్ళు ఎత్తించాను. ఎత్తుతుంటే విసుర్రాయి చెక్క ఒకటి ట్రాక్టరులో పడింది, నేను చూశాను కూడా. ఎవరిదో గుర్తొచ్చేలోపల ఏఈ పిలిచారు. సాయంత్రానికి రాళ్ళన్నీ కల్వర్టు రెండు వైపులా పరిచి, పైన గ్రావెల్ పోసి, నీళ్ళు చల్లి, రోలర్ తిప్పించాం. దారి నున్నగా వచ్చింది. రోలర్ డ్రైవర్ బండి పక్కకు పెట్టి, నాతో టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

శుక్రవారం దొరసాని వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, గడ్డి టోపీ, చేతికర్ర. హోస్పేట నుంచి ఒక గైడును వెంటబెట్టుకుని వచ్చింది. కమిటీ వాళ్ళు శాలువా కప్పారు, దండ వేశారు. ఆమె స్తంభం చుట్టూ తిరిగి, ఇంగ్లీషు అక్షరాల మీద చేయి ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత, మా ముత్తాతను గురించి ఇక్కడి జనం ఏమనుకుంటారు అని అడిగింది. కమిటీ వాళ్ళు దేవుడన్నారు. ఆమెకు ఆ జవాబు రుచించినట్టు లేదు. దూరంగా నిలబడి చూస్తున్న అవ్వను, ఆ కుర్రవాడి తల్లిని, కర్రతో చూపించి, ఆమెను అడగమంది.

అవ్వ చెప్పింది: "నేను సూసినానా యాడన్నా? మా అవ్వకు వాళ్ళవ్వ సెప్పిందంట. గింజలు కొలిసేటప్పుడు దొర మొగం అట్ల పక్కకు తిప్పుకుంటాండెనంట. సూడలేక తిప్పుకుండెనో, సూడనేకూడదని తిప్పుకుండెనో, ఎవురికి తెలుసు?"

గైడు గొంతు సవరించుకుని, దొరగారు చాలా దయగలవారని ఈమె పూర్వీకులు చెప్పేవారట అని ఇంగ్లీషులో అనువదించాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు. దొరసాని తలూపింది గానీ ముఖంలో నమ్మకం కనపడలేదు. వెనకవైపు కొత్తగా ఎర్రమట్టి పోసిన చోటు చూసి, ఇక్కడ ఏముండేది అంది. ఏమీ లేదు, చెత్త, అన్నారు కమిటీ వాళ్ళు.

ఆ గుంపులోనే అవ్వ నా దగ్గరికి వచ్చి, "రాళ్ళు యాడ పెట్టినావప్పా?" అంది.

"ఆఫీసులో భద్రంగా ఉండాయవ్వా," అన్నాను. ఆ దొరసాని ముందు అబద్ధమాడింది గైడు ఒక్కడే కాదు.

ఆ తర్వాత ఐదారు వారాలు నేను ఆ మలుపు దగ్గర మోటార్ సైకిల్ ఆపలేదు. అవ్వ రెండుసార్లు రోడ్డు మీద చేయెత్తింది. ఒకసారి చూడనట్టు పోయాను. ఇంకోసారి, వచ్చే వారం తెప్పిస్తానని బండి మీద నుంచే అరిచి పోయాను. క్వారీ నుంచి ఏవైనా నాలుగు రాళ్ళు తెచ్చి పోస్తే సరిపోతుందిలే, రాయికి రాయి, అని నాకు నేను సర్దిచెప్పుకునేవాడిని.

ఉగాది ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున ఎమ్మిగనూరులో మా ఆవిడకు చీర బేరం చేస్తున్నాను. రోలర్ డ్రైవర్ ఫోన్ చేశాడు.

"భాయ్, యాడున్నా సరే జల్దీ రా. సుగ్గి లారీ వచ్చింది. జనమంతా దిగి స్తంభం కాడ రోడ్డు మీదనే కూర్చున్నారు. రాళ్ళు లేకుండా ఊళ్ళోకి పోరంట." గొంతు తగ్గించి, "ఆ ముసలామె కొడుకు రాలేదు," అన్నాడు.

చీర అక్కడే పెట్టి బయలుదేరాను.

నేను చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. అరవై మంది దాకా ఉన్నారు. చంటిపిల్లల మీద కొంగులు కప్పుకుని, మిరపకాయల మూటల పక్కన కూర్చున్నారు. ఇళ్ళు కళ్ళ ముందు కనపడుతూనే ఉన్నాయి, ఒక్కరూ వంక వైపు అడుగు వేయలేదు. అడిగితే చెప్పారు. వారం కిందట చేను నుంచి వస్తుంటే కూలీల ట్రాక్టరు బోల్తా పడిందట. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. ఆ కుర్రవాడికి తలకు తగిలింది. గుంటూరు పెద్దాసుపత్రిలో కళ్ళు తెరవకుండా ఉన్నాడు, భార్య అతని దగ్గరే ఉంది. అవ్వకు ఫోనులో అంతా తెలిసింది. అయినా ఈ వారం రోజులూ ఆమె ఏడవలేదట. "నా కొడుకు రాయి సారు భద్రంగా పెట్టినాడు, వాడు ఒచ్చి ఎత్తుకుంటాడు" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూ తిరిగిందట.

నన్ను చూడగానే లేచి వచ్చింది. "తెచ్చినావాప్పా?"

ఈసారి అబద్ధం నోటికి రాలేదు. "ఆఫీసులో లేవవ్వా. ఎప్పుడూ లేవు. ఆ కల్వర్టు కాడ రోడ్డు కింద ఏసినా," అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. అవ్వ వెనక్కి తిరిగి ఆ నున్నటి దారిని చూసింది. ఇన్ని వారాలుగా రోజూ ఆమె దాని మీదనే నడిచింది.

కుర్రవాళ్ళు నలుగురైదుగురు అప్పటికే ఊళ్ళో నుంచి గడ్డపారలు తెప్పించుకుని ఉన్నారు. ఒకడు లేచి, "ఈ దొర స్తంభం కోసమే కదా ఇంత సేసినారు. దీన్ని పడదోస్తే పీడ పోతాది, పాండ్రా!" అన్నాడు. అందరూ అటు కదిలారు.

అవ్వ అడ్డం పోయింది. "ఆ రాయితో మీకేం పని రా? నా కొడుకు రాయి దాని కింద లేదు. ఆడుండాది. తవ్వితే ఆడ తవ్వండి!"

అంతలో ఆమె చేతిలో ఫోన్ మోగింది. కోడలు. అందరికీ వినపడేంత గట్టిగా మాట్లాడుతోంది. "అత్తా, లారీ ఒచ్చిందా? అందురూ రాళ్ళు తీసుకున్నారా? ఆయనది సూసినావా? ఉండాది కదా?"

అవ్వ ఫోన్ నా చేతికిచ్చింది. "నువ్వే సెప్పు."

"అమ్మా, నేను ఇన్‌స్పెక్టరును. రాయి రోడ్డు కింద పడింది. నేను పెట్టిచ్చినదే, నేనే తీస్తా. అది సేతికొచ్చేదాకా ఈడ నుంచి కదల్ను," అన్నాను. ఫోన్ తిరిగిచ్చేసి, ముందున్న కుర్రవాడి చేతిలో గడ్డపార లాక్కుని కల్వర్టు వైపు నడిచాను.

మొదటి పోటు వేసేసరికి ఏఈ జీపు వచ్చింది. "ఏంటండీ ఇది? కొత్తగా వేసిన పని! ఆర్డరు లేకుండా తవ్వితే సస్పెండ్ చేస్తారు మిమ్మల్ని. డీఈ గారికి నేనేం చెప్పాలి?"

"నేనే తవ్వినానని సెప్పండి సార్. పేరు, హోదా తప్పు లేకుండా రాయండి."

ఆయన జనాన్ని చూశారు, అవ్వను చూశారు. "నేను ఇటు రాలేదండి," అని జీపెక్కి వెళ్ళిపోయారు. గంట తర్వాత ఆయన పంపిన నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఆ కుర్ర ఇంజనీరు మీద నాకు అప్పటి నుంచి గౌరవం.

నా పని గురించి నేను గొప్ప చెప్పుకోకూడదు గానీ, నేను వేయించిన రోడ్డు అంత సులువుగా ఊడదు. గ్రావెల్ సిమెంటులా బిగిసింది. రోలర్ డ్రైవర్ వచ్చి నా అవస్థ చూసి, బీడీ పారేసి, "ఎనిమిది టన్నుల రోలర్ తిప్పించావు. ఇంకా ఇంకా అన్నావు. ఇప్పుడు తవ్వు," అన్నాడు. అంటూనే పలుగు తీసుకున్నాడు. "పై నుంచి పొడవద్దురా, రాళ్ళు పగిలిపోతాయ్. పక్క నుంచి లేపండి," అని అందరికీ నేర్పాడు.

ఒక్కొక్క రాయీ పైకి వస్తుంటే వింతగా ఉండేది. నా కళ్ళకు అన్నీ ఒకటే. వాళ్ళకు కాదు. తెల్లపలుగు రాయి ఒకరిది, గోడలో ఊడిన రాయి ఒకరిది, చేను గట్టు రాయి ఒకరిది. "ఇది నాదే" అని ఎత్తుకుని, మట్టి దులిపి, భుజాన పెట్టుకుని ఊళ్ళోకి పోయేవాళ్ళు. పోయి ఇంట్లో మూటలు దించి, పారలు తీసుకుని తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళను నేను రమ్మనలేదు. తిరిగి రానివాళ్ళ రాళ్ళను ముసలివాళ్ళు గుర్తుపట్టి స్తంభం వెనక్కి మోసేవారు. ఎవరూ గుర్తుపట్టని పాత రాళ్ళనూ అక్కడికే మోశారు.

డీఈ ఫోన్ చేశారు. "నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నారు.

"పట్టింది సార్. రెండు రోజుల్లో తగ్గుతుంది," అని పెట్టేశాను. మెమోలో ఈ జవాబు కూడా రాశారు.

రెండో రోజు మధ్యాహ్నం విసుర్రాయి చెక్క ఒకటి దొరికింది. పిడి గుంట ఉన్న చెక్క. అవ్వ పట్టి చూసి తలూపి, "ఇది కోడలిది," అంది. ఫోన్ చేసి చెప్పింది. "నాది దొరికితే ఏం లాభం అత్తా, ఆయనది తియ్యమను," అంది ఆ పిల్ల. ఆ మాట విన్నాక ఎవరూ అన్నానికి లేవలేదు. నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. తుండుగుడ్డ చింపి చుట్టుకుని తవ్వాను. వయసైనవాడివి, కూర్చో అన్నారు ఊళ్ళోవాళ్ళు. కూర్చోలేదు.

మూడో రోజు పొద్దెక్కేసరికి పైపు పక్కన రెండు గజాల ముక్క మిగిలింది. ఇంక సుగ్గికి పోయినవాళ్ళలో రాయి దొరకనివాడు ఆ కుర్రవాడొక్కడే. అతను రెండు వందల మైళ్ళ అవతల పడుకుని ఉన్నాడు. ఆ ముక్క మీద నేనూ రోలర్ డ్రైవరూ రెండు పక్కల నుంచి పడ్డాం. మిగతావాళ్ళు చుట్టూ నిలబడ్డారు. పలుగు మొన దేనికో తగిలి ఖంగుమంది. చేతులతో మట్టి తీశాను. నున్నటి అంచు, పైన గంట్లు. రోలర్ బరువుకు ఒక మూల కొంచెం చిట్లింది, అంతే. రెండు చేతులా ఎత్తి అవ్వ ఒళ్ళో పెట్టాను. జనం ఒక్కసారిగా అరిచారు. రోలర్ డ్రైవర్ రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అవ్వ కొంగుతో రాయి తుడిచి ఫోన్ చేయించింది. "దొరికిందమ్మా! మన ఇసుర్రాయే. సారే తీసినాడు. వాని సెవిలో సెప్పు, రాయి దొరికిందని సెప్పు."

అవతల నుంచి ఆ పిల్ల గొంతు వినపడింది. "పొద్దున్నే పోయినాడత్తా. నీకెట్ల సెప్పల్లనో తెలీక సెప్పలేదు."

ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. అవ్వ ఏడవలేదు. రాయి ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. నన్ను కొడతారనుకున్నాను. కొట్టినా సరేనని అక్కడే నిలబడ్డాను. నా వల్ల చచ్చిపోయాడని నేననుకోలేదు, రాయి కదిపితే మనిషి పోతాడని నేను నమ్మేవాడిని కాదు. కానీ ఆ వారం రోజులూ ఆ తల్లి పట్టుకుని బతికింది నేను చెప్పిన అబద్ధాన్ని. అది మాత్రం నేను చేసిందే.

కాసేపటికి ఆమె రాయి ఎత్తుకుని లేచి, తవ్విన గుంతలు దాటి, రోడ్డు దాటి స్తంభం వెనక్కి పోయింది. మూడు రోజుల్లో గుట్ట మళ్ళీ మోకాలెత్తు లేచింది. అక్కడ నిలబడి వెనక్కి చూసి, "సారూ, రా," అంది.

వెళ్ళాను. రాయి నా చేతుల్లో పెట్టింది.

"పెట్టు."

"నేనెందుకవ్వా?"

"నువ్వే పెట్టల్ల. నీ నోటితో సెప్పి తీపిచ్చినావు. నీ సేత్తో పెట్టు."

గుట్ట మీద కోడలి చెక్క ముందే ఉంది. దాని పక్కన పెట్టాను. కొంచెం జరిపితే రెండూ ఒకటిగా కలిసేవి. నేను జరపలేదు. రేపు ఆ పిల్ల వచ్చి తనది ఎత్తుకుని ఊళ్ళోకి పోవాలి. ఇది ఇక్కడే ఉండాలి.

అవ్వ వంగి ఆ రాయిని ఒకసారి ముట్టుకుంది. తర్వాత తల తిప్పి కల్వర్టు వైపు చూసింది. ముప్పై గజాలూ గుంతలు, మట్టి దిబ్బలు, తిరగబడిన గ్రావెల్. ఊళ్ళోకి ఉన్న ఒక్క దారి అది.

"ఇంగ పో అప్పా," అంది. "పోయి రోడ్డు ఏసుకో. రేపు నా కొడుకును తెచ్చే బండి దాని మీదనే రావల్ల."

వెళ్ళి వేశాను.